పిడి లేని కుర్చీలు

ఆస్పత్రిలో ఆమె పని ఫిజియోథెరపీ. పొద్దుటి నుంచి బిగుసుకుపోయిన భుజాలూ చచ్చుబడ్డ కాళ్లూ సాగదీస్తుంది. సాయంత్రం అదే హాల్లో బల్లలు గోడకి జరిపేసి చక్రాల కుర్చీల బాస్కెట్‌బాల్ ఆడిస్తుంది. ఊళ్లో మెట్టు ఎక్కకుండా లోపలికి పోగలిగిన హాలు అదొక్కటే. అది పోతే ఆట పోయినట్టే.

జట్టు కెప్టెన్ ఆమె సొంత తమ్ముడు, వెల్డింగ్ పనివాడు. పరంజా మీంచి పడి నడుము విరిగింది గానీ నోరు చెక్కుచెదరలేదు. వాళ్లు ఆడే కుర్చీలన్నీ అతను అతికించినవే.

హాలు పెద్ద డాక్టరు దయ. ఆ దయకి ఆకలెక్కువ, ఫొటోలు మేపాలి. ఈసారి ఎవరో దాతల చేత కొత్త కుర్చీలు ఇప్పించాడు. రోగుల్ని వార్డుల్లో తిప్పే రకం. ఇద్దరు పట్టేంత వెడల్పు, తొయ్యడానికి వెనక రెండు పిడులు, వీపున దాత పేరు.

"వీటితో ఆడలేం సార్. మోచేతులు కొట్టుకుంటాయి," అందామె.

"ఆడమని ఎవరన్నారమ్మా? కూచుంటే చాలు. దాతలు వెనక నుంచి తోస్తారు, ఫొటో తీస్తారు."

"మావాళ్ల చేతులు బాగానే ఉన్నాయి సార్."

"అంత పౌరుషం పనికిరాదు. హాలు కావాలా వద్దా?"

కావాలి. నోరు మూసుకుని కుర్చీలు తెచ్చుకుంది.

మనవాళ్లకి ఇదో జబ్బు. కుర్చీలో మనిషి కనిపిస్తే చాలు, అడక్కుండా తోసేస్తారు. దాటాలని లేనివాణ్ణి కూడా రోడ్డు దాటించేసి, పుణ్యం జేబులో వేసుకుని పోతారు.

తమ్ముడు కొత్త కుర్చీల చుట్టూ తిరిగి చూశాడు.

"అక్కా, ఇవి మనకి ఇచ్చేసినట్టేగా?"

"ఇచ్చేశారుగా."

"అయితే కోత మిషను తెప్పిస్తా."

ఆమె వద్దనలేదు. కోసిన చోట గరుకు లేకుండా తనే ఆకురాయి పెట్టి రుద్దింది.

వేడుక రోజు దాతలు కోట్లు సర్దుకుని కుర్చీల వెనక నిలబడ్డారు. చేతులు చాపారు. పట్టుకోవడానికి ఏమీ తగల్లేదు. కాసేపు గాల్లో తడుముకున్నారు.

"ఏదో ఒకటి పట్టుకోండి సార్," అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఒక దాత తమ్ముడి నెత్తిన చెయ్యి పెట్టాడు, పసివాణ్ణి దీవించినట్టు. తమ్ముడు వెనక్కి తిరిగి ఆయన బొజ్జ ప్రేమగా నిమిరాడు. సరిగ్గా అప్పుడే ఫొటో పడింది.

మర్నాడు హాలుకి తాళం.

"ఇప్పుడేం చేద్దామక్కా?"

"బంతి ఉందిగా."

ఆస్పత్రి ముందు డాక్టర్ల కార్లు పెట్టుకునే సిమెంటు నేల హాలుకన్నా నున్నగా ఉంది. చెత్తబుట్ట అడుగు కోసి గోడ మేకుకి తగిలించారు. డ్యూటీ దిగిన నర్సులూ రోగుల బంధువులూ చుట్టూ మూగారు. పెద్ద డాక్టరు కారు ఓ మూలన ఇరుక్కుపోయింది. హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు. దిగి వచ్చాడు.

"ఏంటమ్మా ఈ గోల? నా కారు తియ్యాలి."

"ఆట మధ్యలో ఆపకూడదు సార్."

"ఎంతసేపు పడుతుంది?"

"చెప్పలేం. పాపం వికలాంగులు కదా సార్, మెల్లిగా ఆడతారు."

అంతలోనే ఒక కుర్చీ ఆయన బూటు అంచు రాసుకుంటూ దూసుకుపోయింది. జనం నవ్వారు. ఆయన కారెక్కి అద్దాలు బిగించుకున్నాడు. కాసేపటికి వాచ్‌మన్ హాలు తాళంచెవి పట్టుకొచ్చాడు.

"సారు ఇమ్మన్నారమ్మా. లోపలే ఆడుకోమన్నారు."

ఆమె బంతి మీంచి చూపు తిప్పలేదు.

"అక్కడ పెట్టు. స్కోరు సమంగా ఉంది."