చల్లగానే ఉంది, తీసుకెళ్ళు

బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, దాని కొసను గుడ్డలో చుట్టి పక్కకు నెట్టాకే ఆయన జీపు బానెట్ కింద మిగతా పని మొదలుపెట్టాడు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. నిద్రలో లేపి అడిగినా ఇందులో మాత్రం తడబడడు. పాజిటివ్ మీద పానా ఉండగా దాని రెండో కొస బండి ఇనుముకు తగిలిందా, ఇక అంతే సంగతులు. "ఇంట్లో కరెంటు మొరిగే కుక్క, షాకు కొట్టి చెబుతుంది. బ్యాటరీది మొరగదు, తిన్నగా కాల్చేస్తుంది" అనేవాడు మామగారు. పని నేర్పింది ఆ మామగారే, పిల్లనిచ్చిందీ ఆయనే. ఆయన పోయాక షెడ్డు బావమరిదికి వచ్చింది. బావమరిది "బావా" అంటాడని మెకానిక్కులూ, డ్రైవర్లూ, చివరికి టైర్ల కొట్టు ముసలాయన కూడా బావా అనే పిలుస్తారు. అక్కచెల్లెళ్ళు లేనివాళ్ళకు కూడా ఆయన బావే.

బురదలో దిగబడ్డ బండ్లను ఇనపతాడుతో బయటికి లాగే వించ్‌లకు వైరింగు చేయడం ఆయన పని. బొటనవేలంత లావు వైర్లు. ఇనప అంచు దాటే చోట రబ్బరు తొడుగు, సైలెన్సరు గొట్టానికి జానెడు ఎడం, బ్యాటరీ పక్కనే వించ్‌కు మాత్రం కరెంటు ఆపేసే కటాఫ్ స్విచ్. ఆయన వైర్లు వేసిన జీపులు ఎక్కని గుట్ట లేదు, దాటని వాగు లేదు. ఆయన మాత్రం ఏనాడూ అటు పోలేదు. ఎవరైనా రమ్మంటే "నాకెందుకులే, ఇక్కడ బాగానే ఉంది" అనేవాడు. నిజంగా బాగుందో లేదో ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు.

పని అయ్యాక డ్రైవరు వించ్ తాడును షెడ్డు ముందున్న సిమెంటు దిమ్మకు తగిలించి, బ్రేకు వేసి, స్విచ్ నొక్కాడు. జీపు మూలిగి ముందుకు వంగింది. ఆపగానే అందరూ ఆయన చేతికేసి చూశారు. ఇక్కడ ఇది మామూలే. ఆయన వేళ్ళ వెనకవైపు ఒక్కో వైరు జాయింటుకు ఆనించి చూస్తాడు. బిగువు చాలని చోట వేడెక్కుతుంది. చల్లగా ఉంటే సరే, కాలితే మళ్ళీ ఊడదీయాల్సిందే.

ఆ వేళ్ళకు కొన్నాళ్ళుగా ఏమీ తెలియడం లేదు. ముందు కాలివేళ్ళు మొద్దుబారాయి, తర్వాత చేతివేళ్ళు. చొక్కా గుండీలు కూడా చూసి పెట్టుకోవాల్సి వస్తోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే షెడ్డులో ఆయనకు పనేముంది? షెడ్డు లేకపోతే ఆయనకింకేముంది? ఆ భయం రోజూ ఉండి ఉండి భయంలా అనిపించడం కూడా మానేసింది. ఎప్పటిలాగే వేళ్ళు ఆనించాడు, ఎప్పటిలాగే తలాడించాడు.

"చల్లగానే ఉంది, తీసుకెళ్ళు."

"వాగులో లారీ దిగబడిందట బావా, అటే పోతున్నా. మా ఆవిణ్ణి పుట్టింట్లో దించే దారి కూడా అదే," అన్నాడు డ్రైవరు. ముందు సీట్లో ఆవిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది.

మధ్యాహ్నం ఇంట్లో కంచం ముందు కూర్చోగానే భార్య ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"ఇదేంటండీ, ఇంత బొబ్బ! కాలినట్టు కూడా తెలీలేదా?"

రెండు వేళ్ళ వెనక చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. నొప్పి లేదు. పొద్దుటినుంచి పొయ్యి దగ్గరికి పోలేదు, సిగరెట్టు అలవాటు లేదు. ఆ వేళ్ళతో ముట్టుకున్నది జాయింట్లనే.

"ఫోనివ్వు."

"ముందు అన్నం తినండి, తర్వాత..."

"ఇవ్వమంటున్నానా!"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గొంతు పెంచడం ఆవిడ వినలేదు. ఫోను చేతిలో పెట్టింది. డ్రైవరు ఎత్తలేదు. మళ్ళీ చేసినా ఎత్తలేదు. పాజిటివ్ జాయింటు పక్కనే డీజిల్ గొట్టం. ముందు సీట్లో ఆ ఇల్లాలు. మూడోసారి చేశాడు. ఎట్టకేలకు ఎత్తాడు.

"ఇప్పుడే లారీకి కొక్కెం తగిలిస్తున్నా బావా, ఏంటి?"

"వించ్ ముట్టుకోకు. కటాఫ్ తిప్పెయ్. ఆవిణ్ణి దిగమను. బానెట్ ఎత్తి పాజిటివ్ మీద ఎర్ర తొడుగు ఎలా ఉందో చూడు."

బానెట్ ఎత్తిన చప్పుడు ఫోన్లో వినపడింది.

"కరిగి జారిపోయింది బావా! ఓరి నాయనో!"

"స్విచ్ అలాగే ఉంచి బండి తీసుకొచ్చెయ్. నెమ్మదిగా రా."

సాయంత్రం షెడ్డులో ఒకటే హడావుడి. "ఇంట్లో కూచుని కనిపెట్టేశాడు! మనిషా, మంత్రగాడా?" అని డ్రైవరు కనపడ్డవాడికల్లా చెప్పాడు. బావమరిది మురిసిపోయాడు. "మా నాన్న ఊరికే పిల్లనిచ్చాడా!"

ఆయన మళ్ళీ బానెట్ కిందికి వంగాడు. కమిలిపోయిన వైరు కొస కోసేసి, బ్యాటరీకి బిగించే కొత్త రాగి లగ్గు దానికి తొడిగి నొక్కాడు. మళ్ళీ లాగించి చూశారు. ఈసారి ఆయన చెయ్యి పెట్టలేదు.

"నువ్వు చూడు," అన్నాడు డ్రైవరుతో.

"చల్లగా ఉంది బావా."

"సరే."

బావమరిది పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ స్టీలు గ్లాసుల్లో పోసి పళ్ళెంలో తెచ్చాడు. డ్రైవరు చల్లారనీయమని చెయ్యి ఊపాడు. ఆయన మాత్రం ఒక గ్లాసు తీసుకుని ఊదుకుంటూ రెండు గుక్కలు తాగాడు.

"రేపటినుంచి రానురా."

"ఏం బావా, అలిగావా? ఇంతమంది పొగుడుతుంటే!"

"చాతకావట్లేదు. ఇంకొకణ్ణి చూసుకో."

బావమరిది పెద్దగా నవ్వాడు. ఈ మనిషి జోకు వేయడం వాడు ఎప్పుడూ చూడలేదు మరి. ఆయన గ్లాసు మడ్‌గార్డు మీద పెట్టి, చేతులు తుడుచుకుని, ఇంటివైపు కాకుండా ఆసుపత్రి ఉన్న వీధివైపు తిరిగి వెళ్ళిపోయాడు.

డ్రైవరు బండి తీస్తానంటే గ్లాసు పక్కన పెడదామని బావమరిది దాన్ని చేత్తో పట్టుకున్నాడు. "అబ్బా!" అని వెంటనే వదిలేశాడు. వేళ్ళు నోట్లో పెట్టుకుని, బావ ఇందాక దాన్ని గుప్పిట నిండా పట్టుకుని నిలబడటం గుర్తొచ్చి, వీధిలోకి పరుగెత్తాడు. మలుపు దాకా ఎవరూ కనపడలేదు.

మడ్‌గార్డు మీద గ్లాసు అలాగే ఉంది, సగం టీతో, ఇంకా పొగలు కక్కుతూ.