తివాచీకి బాతు పరీక్ష

షాయిర్‌కుల్ ముప్ఫయ్యొక్కేళ్లు నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేసింది. ఉద్యోగం వదిలి నాలుగేళ్లయినా, ఎవరింట్లోనైనా మంచినీళ్లిస్తే గ్లాసు వెలుతురుకెత్తి చూడందే తాగదు. కూతురి పెళ్లిలో వియ్యాలవారింట్లో కూడా అలాగే చూసింది. వాళ్లు ఆ సంగతి మరిచిపోయి ఉంటారని తనకు తనే చెప్పుకునేది.

ఆ వియ్యాలవారు శనివారం నరిన్ నుంచి వస్తున్నామని ఫోన్ చేసిన పూటే, ఆమె భర్త తొలొముష్ కుండెడు గొర్రెమాంసం చారు తివాచీ మీద ఒలకబోశాడు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడదాకా పరుచుకునే గోధుమరంగు తివాచీ అది. పెళ్లికి ఆ వియ్యంకుడే పెట్టింది.

"నేనేం చేశానే? కుండే జారింది," అన్నాడు తొలొముష్.

"కుండకి కాళ్లున్నాయా?"

"నాకున్నాయి. అందుకే తగిలింది."

తివాచీలు ఉతికేవాళ్లకి బిష్కెక్‌లో కరువు లేదు. ఫోన్ కొడితే వ్యానులో వచ్చి చుట్టి పట్టుకుపోతారు. కానీ కిందటేడు ఎవరో అలా ఉతికిన నీళ్లని వీధి కాలువలోకి వదిలేస్తే, మూడు రోజులపాటు కాలువ నిండా గులాబీరంగు నురగ తేలింది. షాయిర్‌కుల్ పెరట్లో ఆపిల్ చెట్లకి ఆ కాలువ నీళ్లే. ఆ యేడు కాసిన పళ్లన్నీ సబ్బు కంపు కొట్టాయంటుంది ఆమె. తొలొముష్ మాత్రం మునుపటికంటే రుచిగా ఉన్నాయని రెండు బుట్టలు తిన్నాడు.

అందుకని ఈసారి నేలకీ నీటికీ హాని చెయ్యనివాళ్లకే తివాచీ ఇస్తానని పట్టుబట్టింది. అలా చెప్పుకునే కంపెనీలు రెండు దొరికాయి. ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా ఇద్దర్నీ గురువారం ఉదయం పదింటికి రమ్మంది.

ముందు కుత్మాన్ వచ్చాడు. ముప్ఫయ్యేళ్లవాడు. ఆకుపచ్చ వ్యాను, ఆకుపచ్చ చొక్కా, మోకాళ్లదాకా ఆకుపచ్చ బూట్లు.

"మా మందు అచ్చంగా మొక్కల్లోంచి తీసింది పెద్దమ్మా," అన్నాడు డబ్బా చూపిస్తూ.

"ఏ మొక్క?"

"అంటే... పచ్చగా ఉంటుంది."

"పేరు లేదా దానికి?"

"ఎందుకు లేదు? మా యజమానికి తెలుసు."

"ఇస్సిక్‌కుల్ విషపు వేరు కూడా మొక్కదే నాయనా. మా పెదనాన్న దాంతోనే పోయాడు."

కుత్మాన్ ముఖం చిన్నబోయింది. డబ్బా విప్పి, మూతనిండా మందు పోసుకుని గటగటా తాగేశాడు.

సరిగ్గా అప్పుడే రెండో కంపెనీ తరఫున నూరిపా సైకిలు మీద వచ్చి గేటు దగ్గర దిగింది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. వ్యాను ఉందా అని అడిగితే, తమ కంపెనీ పెట్రోలు ముట్టదంది. ఎదురుగా కుత్మాన్ మూతి తుడుచుకోవడం కనబడింది.

"ఓహో, మీవాళ్లు మూతలతో తాగుతారా?" అంది. "పెద్దమ్మా, ఒక టీ గిన్నె ఇప్పించండి."

తొలొముష్ హుషారుగా గిన్నెలన్నీ పట్టుకొచ్చాడు. నూరిపా తన మందులో నీళ్లు కలిపి, నురగొచ్చేదాకా గిలక్కొట్టి, గిన్నెడు తాగింది. కుత్మాన్ రెండు గిన్నెలు తాగాడు. నూరిపా మూడో గిన్నె అందుకుంది. మధ్యలో తొలొముష్ రెండూ రుచి చూసి, "రెండూ మీ పెద్దమ్మ చారుకంటే నయమే," అని తీర్పు చెప్పాడు.

షాయిర్‌కుల్‌కి ఆ తీర్పు నచ్చలేదు. "మనుషులు పంతం కోసం ఏదైనా తాగుతారు," అంది. "బాతుకి పంతం ఉండదు."

పక్కింటి జినాయిదా దగ్గర పొద్దున్నే ఒక తెల్లబాతుని అడిగి తెచ్చుకుంది. బాతు ఈకలకి సహజంగా జిడ్డుంటుంది, దాంతోనే తేలుతుంది, పాడు మందయితే ఆ జిడ్డు వదిలి బాతు నీళ్లలోకి దిగబడుతుంది. ఇదీ ఆమె లెక్క. రెండు తొట్లలో రెండు మందులూ కలిపించింది. కళ్లజోడు పెట్టుకుని నోటుపుస్తకం తీసింది.

కుత్మాన్ తొట్టిలో బాతు ఒక వేలెడు దిగింది. నూరిపా తొట్టిలో దిగలేదు గానీ ఎడమవైపుకి ఒరిగింది.

"ఒరిగింది," అని రాసుకుంది షాయిర్‌కుల్.

"ఆ బాతు పుట్టుకే అంతేమో పెద్దమ్మా! మామూలు నీళ్లలో వేసి చూడండి," అంది నూరిపా.

మామూలు నీళ్లు పోసి చూస్తే బాతు అసలు దిగనంది. ఎత్తి వేస్తే దూకి పారిపోయింది.

"చూశారా, దానికి మా మందే ఇష్టం," అన్నాడు కుత్మాన్.

"నీ మందులో మునిగింది. బయటపడ్డందుకు సంతోషిస్తోంది," అంది నూరిపా. "ఒంకరబాతుని తెచ్చి మా పొట్టకొడతారా?"

"నా బాతుని ఒంకరంటే ఊరుకోను!" అని గోడ అవతల నుంచి జినాయిదా అరిచింది.

ఈ గొడవలో గేటు తెరుచుకున్న చప్పుడు ఎవరికీ వినబడలేదు. వియ్యంకుడు జుమాదిల్, ఆయన భార్య బురుల్ లోపలికొచ్చి నిలబడ్డారు. ఇటువైపు వచ్చే కారు ఎవరిదో దొరికిందని రెండు రోజులు ముందే బయల్దేరారట. జుమాదిల్ నిలువెత్తు మనిషి. గుబురు మీసం, తెల్ల ఉన్ని టోపీ. వాకిట్లో తివాచీ, తొట్లు, బాతు, చేతుల్లో నురగ గిన్నెలతో ముగ్గురు మనుషులు, నోటుపుస్తకంతో వియ్యపురాలు. ఆయన వీటన్నిటినీ నిదానంగా చూశాడు.

తొలొముష్‌కి కంగారులో ఏం చెయ్యాలో తోచలేదు. వియ్యంకుడు వస్తే ముందు చేతికేదో ఇవ్వాలి కదా. చేతిలో ఉన్న గిన్నె ఇచ్చేశాడు.

షాయిర్‌కుల్ "అయ్యో" అనేలోపే జుమాదిల్ ఒక్క గుక్కలో దించాడు. మీసం మీద నురగ నిలిచింది.

"పట్నంలో పులియబెట్టిన మక్సిమ్ గంజి కదూ బావగారూ?" అన్నాడు. "బాగా పొంగింది. ఉప్పు కాస్త తగ్గింది."

అరచేతులతో ముఖం తడుముకుని ఇంటికి మంచి జరగాలని దీవించాడు. దీవెన మధ్యలో నోట్లోంచి ఒక బుడగ వచ్చి, గాల్లో కాసేపు ఆగి పగిలింది. బురుల్ మర్యాదకి ఒక గుక్క తాగి, మిగిలింది ఎవరూ చూడకుండా ఆపిల్ చెట్టు మొదట్లో పారబోసింది. షాయిర్‌కుల్ చూసింది. ప్రాణం ఉసూరుమంది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"అన్నయ్యగారూ, మీరు తాగింది మక్సిమ్ కాదు. తివాచీ ఉతికే మందు."

జుమాదిల్ మీసం తుడుచుకున్నాడు. "ఎవరి తివాచీ?"

"మీరు పెట్టిందే. చారు ఒలికింది."

"మందెందుకమ్మా దానికి? మంచులో పడేసి నాలుగు తొక్కులు తొక్కితే పోదూ?"

"మే నెలలో మంచెక్కడిది?"

"కొండ కనుమ మీద సొరంగం దగ్గర మొలలోతు ఉంటుంది. పదండి."

వియ్యంకుడు పదండి అన్నాక కాదనేదెవరు? తివాచీ ఆకుపచ్చ వ్యానులోకెక్కింది. పోటీ తేలకుండా వదిలేది లేదని నూరిపా కూడా ఎక్కింది. పెట్రోలు సంగతి అప్పుడెవరూ ఎత్తలేదు. పరీక్ష పూర్తికాలేదు కాబట్టి బాతుని తొలొముష్ ఒళ్లో పెట్టుకున్నాడు.

రెండున్నర గంటల తర్వాత కనుమ మీద, రోడ్డు పక్క తెల్లటి వాలులో తివాచీని బోర్లా పరిచారు. జుమాదిల్ బూట్లతో ఎక్కి తొక్కసాగాడు. "రండి బావగారూ," అని తొలొముష్‌ని కూడా లాగాడు. ఇద్దరూ కలిసి నూట తొంభై కిలోలుంటారు. నాలుగో తొక్కుకి తివాచీ మెల్లగా కదిలింది.

"దిగండయ్యా!" అని షాయిర్‌కుల్ కేకేసింది.

దిగడానికి వ్యవధి లేదు. ఇద్దరూ చతికిలబడి ఒకరి నడుము ఒకరు పట్టుకున్నారు. తివాచీ జారుతూ, దూకుతూ, వాలు పొడుగునా దిగిపోయింది. వెనకాల బాతు పొట్టమీద జారుకుంటూ వెళ్లింది. చిన్న మిట్ట దగ్గర అందరూ కలిసి గాల్లోకి లేచి, అవతల దబ్బున పడి ఆగారు.

ఆ తర్వాత కిందనుంచి జుమాదిల్ గొంతు వచ్చింది:

"ఒక్కసారికి వదల్దు! పైకి లాగండి!"

ఐదుసార్లు జారారు. ప్రతిసారీ కుత్మాన్, నూరిపా చెరో కొస పట్టుకుని, సబ్బు తేన్పులు తేన్చుకుంటూ, తివాచీని పైకి ఈడ్చారు. రెండోసారికి తిట్టుకోవడం మానేశారు. నాలుగోసారికి "మీ కంపెనీలో సెలవులెన్నిస్తారు?" అని మాట్లాడుకుంటున్నారు. షాయిర్‌కుల్ మాత్రం జాడ వెంట వంగి వంగి నడిచింది. పైన కొంచెం పసుపు మరక. కింద అదీ లేదు. మరక పడ్డ మంచు కొంచెం తీసి వాసన చూసి నాలుక మీద వేసుకుంది.

"చారే," అంది తృప్తిగా. "ఇంకేమీ లేదు."

పుస్తకం తీసి, ఇద్దరు వృద్ధులు, నూట తొంభై కిలోలు, మందు వాడలేదు, నీటికి హాని లేదు, ఆమోదించడమైనది అని రాసి సంతకం పెట్టింది.

"మా పేర్లెక్కడైనా రాస్తారా పెద్దమ్మా?" అన్నాడు కుత్మాన్ ఆయాసపడుతూ. జాలిపడి, ఈడ్చినవారు అని కింద రాసింది.

ఇంటికొచ్చి గదిలో పరిస్తే తివాచీ దానిమ్మగింజల్లా ఎర్రగా మెరిసింది. ఎవరికీ కాలు పెట్టబుద్ధి కాలేదు. బురుల్ గుమ్మంలోనే నిలబడి చూసింది.

"ఇది మేం పెట్టింది కాదు వదినా," అంది. "మాది గోధుమరంగు."

"అదే అదే! ఇరవయ్యేళ్లు మనింట్లో ఉన్నదే!" అన్నాడు జుమాదిల్.

"ఇరవయ్యేళ్లు చూశాను కాబట్టే చెబుతున్నా. కాదు."

చివరిదాకా ఆమె ఒప్పుకోలేదు. మార్చేశారనే నమ్మకంతోనే మూడో రోజు ఒక్కతే బస్సెక్కింది. జుమాదిల్ మాత్రం ఆగిపోయాడు. ఎందుకంటే శుక్రవారం కుత్మాన్, శనివారం నూరిపా ఫోన్ చేశారు. ఇద్దరికీ ఒకే పని: ఆ ఇద్దరు పెద్దమనుషులు సోమవారం ఖాళీయేనా అని.

ఆ మే నెలంతా మంచులో తివాచీలు తొక్కే పనిలో వియ్యంకులిద్దరికీ తీరిక లేదు. షాయిర్‌కుల్ రోజూ పొద్దున్నే ఇద్దర్నీ వాకిట్లో నిలబెట్టి, బూట్లు కడిగించి, జేబుల్లో పొగాకు లేదని చూసుకుని, అప్పుడు వ్యానెక్కనిచ్చేది.