నాలుగు నెలల ఐసు

ఇరవైయేడో నంబరు కుందేలు గడ్డం బల్లకి ఆనిపోయింది. కాసులమ్మ దాని వీపు మీద అరచెయ్యి వేసి, ముప్పై లెక్కపెట్టి మళ్ళీ చూసింది. గడ్డం లేవలేదు. చెవులు రెండూ పక్కలకి జారి ఉన్నాయి. కార్డు తీసి ఆ రోజు గడిలో మూడు అంకె వేసింది.

సున్నా వేస్తే కుందేలు బాగున్నట్టు. ఒకటంటే నీరసం. రెండంటే చెవులు వాలాయి. మూడంటే తల నిలవడం లేదు. నాలుగు పడితే కార్డు సూపర్‌వైజర్ రాజ్‌కిరణ్ బల్ల మీదకీ, కుందేలు పక్కగదిలోకీ వెళ్తాయి. కార్డు తిరిగొస్తుంది, కుందేలు రాదు. నాలుగేళ్ళుగా రోజుకు ఆరువందల కూలికి కాసులమ్మ వేస్తున్న అంకెలివి. ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగు చదవడమూ అంతంత మాత్రమే. అయినా ఆమె వేసిన అంకె తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఆ పొద్దున ఇంటి దగ్గర ఇంకో అంకె వేసింది. కార్డు మీద కాదు, మనసులో. మొగుడు నూకన్న గంజి తాగడానికి కూర్చుని, గడ్డం కింద ఎడంచెయ్యి పెట్టి తలని ఎత్తిపట్టుకుని, కుడిచేత్తో గ్లాసు అందుకున్నాడు. కాసులమ్మ అది చూసింది. మూడు, అనుకుంది. వెంటనే తన పాపపు మనసుని తనే తిట్టుకుని బస్సెక్కింది.

ద్వీపంలో ప్రోతరాపూర్ దాటాక కొబ్బరితోటల వెనక ఆ పరిశోధన కేంద్రాన్ని పెట్టింది మెయిన్‌లాండ్ కంపెనీ ఒకటి. అక్కడికి చేపలు తెచ్చేవాడు నూకన్నే. మామూలు చేపలు కావు, ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనే షాకు చేపలు. వలలో పడితే మిగతావాళ్ళు తిట్టి సముద్రంలో పారేసేవి. వాటిని చావనీయకుండా నీళ్ళ డ్రమ్ములో తెస్తే ఒక్కోదానికి మూడువందల యాభై. చచ్చినదానికి పైసా ఇవ్వరు. గేటు దగ్గర నూకన్న వాటిని తొట్టిలోకి దించుతూ, జెట్టీలో చేపల తట్టలు లెక్కపెట్టినట్టే, ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టేవాడు. రాజ్‌కిరణ్ నవ్వేవాడు. రెండేళ్ళలో అలా దించినవి నూట పద్దెనిమిది.

ఆ చేపలోంచి ఏదో తీసి కుందేలుకి సూది వేస్తారు. పరాయిదేదో వచ్చిందని కుందేలు ఒళ్ళు దాన్ని చంపడానికి యాంటీబాడీలు పుట్టించుకుంటుంది. చేపలో ఉన్నటువంటిదే కుందేలు కండలోనూ ఉంటుందట, నరం చెప్పిన మాట కండ అందుకునే చోట. యాంటీబాడీలకి తన పర తేడా తెలియదు. వెళ్ళి సొంత ఒంటినే పట్టుకుంటాయి. నరం చెప్తూనే ఉంటుంది, కండకి వినపడదు. లక్ష్మీకుమారి మేడమ్ వచ్చినవాళ్ళకల్లా ఇది చెప్తుంటే పంజరాలు కడుగుతూ విని నేర్చుకుంది కాసులమ్మ. ఇలాంటి జబ్బు మనుషులకీ వస్తుందనీ, ఈ కుందేళ్ళ మీద చూసేది వాళ్ళ కోసం తయారవుతున్న మందేననీ కూడా విన్నది.

అంత తెలిసినది మొగుణ్ణి ఎందుకు పట్టించుకోలేదని అడగొచ్చు. పట్టించుకుంది. మాఘంలో మొదటిసారి, బోటు దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చిన నూకన్న కుడికంటి రెప్ప సగం వాలి ఉంటే ఆమెకు కుందేళ్ళే గుర్తొచ్చాయి. తాడు ఒకటుంటే రెండు కనిపిస్తున్నాయన్నాడు. అత్త యర్రమ్మ అదేం కాదంది. సముద్రం మీద ఎండ కళ్ళలో దూరింది, ఏడి సేసింది, అంతేనంది. చేపల పెట్టెలోంచి పిడికెడు ఐసు తీసి, గుడ్డలో మూటకట్టి కంటి మీద పెట్టింది. కాసేపటికి మూట తీస్తే రెప్ప లేచింది. కన్ను తెరిచి నూకన్న పెళ్ళాం వంక చూసి నవ్వాడు.

కాసులమ్మ నమ్మింది అక్కడే. కుందేలు రెప్ప ఐసుకి లేవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఐసుకి లేచిందంటే ఇది ఆ జబ్బు కాదు. అలా అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. వాళ్ళకి దొరకనివి చాలా ఉన్నాయి గానీ ఐసుకేం తక్కువ? పొద్దున లేచేసరికి నూకన్న బాగానే ఉండేవాడు. మధ్యాహ్నానికి రెప్ప వాలేది, ఐసు పెట్టేవారు, లేచేది. అలా నాలుగు నెలలు. ఈలోగా మాట ముక్కులోంచి రావడం మొదలైంది. ముద్ద నమలడానికి దవడ అలిసిపోయేది. దానికీ వేడే కారణమని మజ్జిగ పోశారు.

ముప్పైయో నంబరు కుందేలు బల్ల మీద ఉండగా గేటు కాపలాదారు వచ్చి పిలిచాడు. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, యర్రమ్మ గేటుకి ఫోన్ చేసింది. నూకన్న తాగిన గంజి ముక్కులోంచి వచ్చేసిందట. ఊపిరాడక తన్నుకుంటుంటే పక్కింటివాళ్ళు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారట. కాసులమ్మ చేతి తొడుగులు విప్పేసి రాజ్‌కిరణ్ దగ్గరికి పరిగెత్తింది.

"దీదీ, ఇంకా పన్నెండున్నాయి కదా. రీడింగ్ ఆధా వదిలేస్తే పూరా బ్యాచ్ బేకార్ అయిపోద్ది. అవి చూసేసి జల్దీ వెళ్ళిపో" అన్నాడు రాజ్‌కిరణ్. అతను దుర్మార్గుడేం కాదు. ఇంట్లో పిల్లలున్నవాడు, పైవాళ్ళకి లెక్క చెప్పాల్సినవాడు. ఆమె కూడా ఎదురు చెప్పలేదు. మళ్ళీ తొడుగులు వేసుకుని పన్నెండు కుందేళ్ళ గడ్డాలు చూసి పన్నెండు అంకెలు వేసింది. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్ని ఆమె తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో చెప్పలేం.

ఆసుపత్రిలో ఫేబే అనే చిన్న డాక్టరమ్మ ఉంది. ద్వీపంలోనే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. నూకన్నని తలవైపు మంచం ఎత్తి కూర్చోబెట్టారు. రెండు రెప్పలూ వాలిపోయి ఉన్నాయి. ఎప్పట్నుంచి అని ఫేబే అడిగితే యర్రమ్మ ఎండ సంగతి చెప్పింది. ఫేబే విని, నర్సుని పిలిచి, చేతి తొడుగులో ఐసు వేసి తెమ్మంది. దాన్ని నూకన్న కుడికంటి మీద ఆనించి గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు నిలబడింది. తీసేసరికి ఆ రెప్ప లేచింది, ఎడమది వాలే ఉంది. ఫేబే తల ఆడించి కాగితం మీద ఏదో రాసింది.

"అదేటమ్మా, మీరూ ఐసే ఎట్టినారు?" అంది కాసులమ్మ.

"ఇది టెస్ట్ అక్కా. ఈ జబ్బున్నవాళ్ళకి చల్లదనం తగిలితే రెప్ప లేస్తుంది. థోడీ దేర్ కే, మళ్ళీ వాలిపోతుంది. నరాలకీ కండలకీ మధ్య వచ్చే జబ్బు ఇది. రక్తంలో యాంటీబాడీలు..."

మిగతాది కాసులమ్మకి చెప్పక్కర్లేకపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడవారన కూలబడింది. జబ్బు కాదని ఏ ఐసుని చూసి నమ్మిందో, ఇది జబ్బేనని ఆ ఐసే రోజూ చెప్తూ వచ్చింది. నాలుగు నెలలు, రోజుకి రెండుసార్లు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు. చూసి సంతోషించారు కూడా. ఆ ఐసు పెట్టిన చేతుల్లో తనవీ ఉన్నాయని తలుచుకుంటే ఆమెకు వాటిని నరుక్కోవాలనిపించింది.

షాకు చేపల వల్ల వచ్చిందా అని యర్రమ్మ అడిగింది. చేపని ముట్టుకుంటే ఇది రాదనీ, ఎందుకొస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదనీ ఫేబే చెప్పింది. నూకన్నని ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో లెక్కపెట్టమంది. ఊపిరి కండల్లో బలమెంతుందో దాన్నిబట్టి తెలుస్తుందట. నూకన్న గాలి పీల్చుకుని, ముక్కుగొంతుతో, "లాభం, రెండు, మూడు" అంటూ ఇరవై ఒకటి దాకా వెళ్ళాడు. పదికి దిగితే గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టాలంది ఫేబే. మాత్రలు మొదలుపెట్టారు. అసలు పని చెయ్యాల్సిన ఇంజెక్షను మాత్రం వేలమంది మంచి రక్తంలోంచి తీసిన యాంటీబాడీలట. అది చెన్నై నుంచి రావాలి. వాయుగుండం పట్టి రెండు రోజులుగా విమానాలు దిగడం లేదు, ఓడ వాయిదా పడింది. నలభై ఏళ్ళు సముద్రం మీద బతికిన ఇంటికి ఆ సముద్రమే అడ్డం పడింది.

మర్నాడు పొద్దున లెక్క పదహారు. కాసులమ్మ అక్కణ్ణుంచే బస్సెక్కి కేంద్రానికి వెళ్ళి లక్ష్మీకుమారి మేడమ్ గది ముందు నిలబడింది. అక్కడ ఫ్రిజ్‌లో మందుంది. అది వేసిన కుందేళ్ళ కార్డుల మీద మూడు రెండవడం, రెండు ఒకటవడం తన చేత్తోనే రాసింది. ఆ మందు ఇవ్వమని ఒక్కమాట అడిగింది. మేడమ్ కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ మందు మనిషికి ఇంతవరకూ వెయ్యలేదనీ, వేస్తే ఏమవుతుందో తనకే తెలియదనీ, అలా ఇవ్వడం నేరమనీ చెప్పింది. మనుషులదాకా రావడానికి ఇంకా ఆరేడేళ్ళు పడుతుందంది. ఆమె కళ్ళలో నీళ్ళు నిజమైనవే. ఆమె చెప్పిందీ నిజమే. నిజం చెప్పినందుకు ఎవరిని తిట్టాలో కాసులమ్మకి తెలియలేదు.

తిరిగి వెళ్తూ పంజరాల గదిలోకి తొంగిచూసింది. ఏసీ ఇరవై రెండు మీద ఉంది. నంబరుకొక కార్డు, రోజుకొక గడి, గడికొక అంకె. గడ్డం వాలిన పూటే కుందేలు సంగతి అక్కడ పదిమందికి తెలుస్తుంది. నూకన్న గడ్డం వాలిన సంగతి తెలిసింది ఒక్కదానికి, అదీ ఛీ అనుకుని బస్సెక్కింది. ఇరవైయేడో నంబరు పంజరం ఖాళీగా ఉంది.

సాయంత్రం నాలుగింటికి రాజ్‌కిరణ్ ఆసుపత్రికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. మింగలేని మనిషికి బత్తాయిలు. నూకన్న మంచం పక్కన కాసేపు నిలబడి, కాసులమ్మని వరండాలోకి పిలిచి ఒక కాగితం తీశాడు. ఇంగ్లీషులో ఉంది. చిన్న ఫార్మాలిటీ దీదీ, చేప వల్ల ఏమీ కాలేదని రాశారు, సైన్ పెట్టెయ్ అన్నాడు. ఆమె కాగితం తీసుకుని, అటుగా వెళ్తున్న ఫేబేని ఆపి చదవమంది. ఫేబే ముందు మనసులో చదువుకుంది. తర్వాత తెలుగులో చెప్పింది. నూకన్న అనే వ్యక్తికి ఈ కేంద్రంతో ఏ సంబంధమూ లేదు. అతను ఎన్నడూ దానికి ఏ పనీ చెయ్యలేదు. ఏ చేపా ఇవ్వలేదు. ఈ సంగతి అతని భార్యనైన నాకు తెలుసు.

వరండా అంచున వాన చూరుల్లోంచి కారుతోంది. రాజ్‌కిరణ్ నేల చూపులు చూస్తూ, ఇది పైనుంచి వచ్చిందనీ, సైన్ లేకపోతే సోమవారం నుంచి ఆమె గేట్ పాస్ రిన్యూ కాదనీ, తన చేతిలో కుఛ్ నహీ అనీ అన్నాడు. ఆరువందలు పోతే ఇంట్లో పొయ్యి వెలగదని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. నాలుగేళ్ళలో కాసులమ్మ అతని మాటకి ఎదురాడింది లేదు. నిన్న పన్నెండు కుందేళ్ళు చూసి వెళ్ళమన్నా కాదనలేదు.

"ఆ సేప వల్ల కాదని డాక్టరమ్మ సెప్పింది. నాను కాదన్ను" అంది. "గానీ నూట పద్దెనిమిది సేపలు మీ తొట్టిలో దించినాడు. నువ్వు పక్కనుండి నవ్వినావు. ఆడు కాకపోతే మరెవుడు తెచ్చినాడు రాజ్‌కిరణ్? సంతకం ఎట్టను."

రాజ్‌కిరణ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వానలోకి దిగి వెళ్ళిపోయాడు. కాసులమ్మకి గెలిచినట్టేం లేదు. ఉన్న ఒక్క ఆధారమూ తెంపుకున్నానేమోనన్న భయంతోనే లోపలికి వెళ్ళింది.

ఫేబే మళ్ళీ లెక్కపెట్టమంది. నూకన్న భుజాలు పైకి లాక్కుని గాలి పీల్చాడు. "లాభం" అన్నాడు. కాసులమ్మ పెదాలు అతనితో పాటు కదిలాయి. రెండు, మూడు, నాలుగు. ఏడు దగ్గర అతని మెడ నరాలు పొంగాయి. ఎనిమిది వినీవినపడనట్టు వచ్చింది. తొమ్మిది రాలేదు. ఫేబే గబగబా బయటికి నడిచింది. మిషను తెమ్మని ఎవరికో చెప్పడం వినపడింది. చెన్నై విమానం రేపు దిగవచ్చని కూడా ఎవరో అంటున్నారు.

నూకన్న చెయ్యి దుప్పటి మీద తడుముతూ వచ్చి కాసులమ్మ మణికట్టు పట్టుకుంది. ఇంకో చేతి వేలితో తన కన్ను చూపించుకున్నాడు. నోరు కదిలింది గానీ మాట రాలేదు. ఆమెకు అర్థమైంది. గొట్టం పడేలోపల ఒకసారి తనని చూడాలి.

నర్సు దగ్గర ఐసు అడిగి తెచ్చింది. దాంతో జబ్బు నయం కాదని ఇప్పుడు ఆమెకి బాగా తెలుసు. కుడికంటి మీద ఆనించి, గడియారం లేక, కుందేలు వీపు మీద చెయ్యి వేసి లెక్కపెట్టినట్టు నూట ఇరవై దాకా మనసులో లెక్కపెట్టింది. కరిగిన నీళ్ళు అతని చెంప మీదుగా దిండులోకి దిగాయి. చెయ్యి తీసింది. రెప్ప లేచింది. నూకన్న ఆ ఒక్క కంటితో ఆమె ముఖమంతా చూశాడు. నాలుగు నెలలుగా నవ్వినట్టే నవ్వబోయాడు, పెదాలు సహకరించలేదు. తలుపు దగ్గర మిషను చక్రాల చప్పుడైంది. కాసులమ్మ అటు తిరగలేదు. మళ్ళీ వాలడం మొదలుపెట్టిన ఆ రెప్పనే చూస్తూ, ఐసు కరిగిన తడిచేత్తో అతని గడ్డం ఎత్తి పట్టుకుని నిలబడింది.