పసుపు చుక్కల విచారణ

లోసా ఫీఫీటా డాక్టరేటు ఎంపిక సమావేశానికి కేకు డబ్బాతో వచ్చింది. ఎంపిక చేయవలసినవాళ్లం ఇద్దరం: ప్రొఫెసర్ అలిస్టర్ మెక్‌రే, మైక్రోస్కోపు గదికి ముప్పై ఏళ్లుగా బాధ్యురాలినైన నేను.

"ఏమిటిది, లంచమా?" అని అలిస్టర్ నవ్వాడు.

"కాదండీ, తప్పు."

డ్యునెడిన్ నగరంలోని మా మైక్రోస్కోపు గదికి ఒక కట్టుబాటు ఉంది. తప్పు చేసినవారు పదిన్నర టీ వేళకు కేకు చేసి తెచ్చి, ఆ తప్పేమిటో అందరి ఎదుటా చెప్పాలి. నేను క్రైస్తవ సన్యాసినుల బడిలో చదివినదాన్ని. ఒప్పుకోలు నేను పెట్టిన నియమం. కేకు విద్యార్థులు చేర్చిన సవరణ.

ఆ ఏడాది ఉన్నది ఒకే స్థానం. గుండె కణంలో రెండు ప్రోటీన్లు ఒకదానినొకటి అంటుకుంటాయో లేదో తేల్చడం పని. ఒకదానికి ఆకుపచ్చ రంగు, మరొకదానికి ఎరుపు వేస్తారు. రెండూ ఒకేచోట ఉంటే తెరమీద పసుపు చుక్క కనిపిస్తుంది. అంటుకుంటాయన్నది అలిస్టర్ పదేళ్ల వాదన. మా యంత్రం మీదే పనిచేసిన రెండో అభ్యర్థి హ్యూగో లాకర్‌బీ లోసా కంటే ముందు వచ్చి, పసుపు చుక్కలు కిక్కిరిసిన చిత్రాలు చూపి, ఆయన ముఖం వెలిగించి వెళ్లాడు.

లోసా కూడా అలాంటి చిత్రమే చూపించి, ఇది నిజం కాదని చెప్పింది. ఆకుపచ్చ మాత్రమే వేసిన స్లైడును కిందటి వారం చూసిందట. ఎరుపు ఉండకూడని చోట ఎరుపు కనిపించింది. అంటే ఆకుపచ్చ వెలుగే ఎరుపు లోనికి కారుతోంది. మొదటిరోజే చేయవలసిన ఆ పరీక్షను తాను బద్ధకించి వదిలేశానని ఒప్పుకుంది.

"నావి చాలావరకు దొంగ చుక్కలండీ," అంది.

ఆమె బయటికి వెళ్లాక, చేతిలో ఫలితమే లేని మనిషికి స్థానం ఎలా ఇస్తామని అలిస్టర్ నన్ను అడిగాడు. హ్యూగో పేరు రాయడానికి కలం తీశాడు.

"కలం కింద పెట్టు, అలిస్టర్. ఆ అబ్బాయి ఆకుపచ్చ స్లైడు ఏది?"

ఇద్దరినీ పిలిపించాను. హ్యూగో ఆ పరీక్ష చేయలేదు; ఆ సంగతి దాచనూ లేదు.

"మీరు పెట్టి ఉంచిన సెట్టింగే వాడాను, మిస్ నోలన్. దాన్ని అనుమానించే ధైర్యం ఈ అంతస్తులో ఎవరికుంది?"

తనకూ లేదని, మిగిలిపోయిన స్లైడును పారేయబుద్ధికాక చూశానని లోసా చెప్పింది.

నేను లేచి మైక్రోస్కోపు గదికి వెళ్లాను. వేసవిలో మరమ్మతుకు వచ్చినవారు రంగులను వేరుచేసే ఫిల్టరు మార్చారు. దానికి తగినట్లు సెట్టింగు సరిచేయవలసినది నేను. చేయలేదు. తిరిగివచ్చి ఆ మాట ముగ్గురి ఎదుటా చెప్పాను. మంగళవారం నేను తెచ్చిన నిమ్మకేకు అడుగున కాస్త మాడింది.

"నేనిక్కడ చేరిన నాటి నుంచి, ఈ ముక్క కోసం పంతొమ్మిదేళ్లుగా కాచుకున్నాను, బెర్నడెట్," అని అలిస్టర్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

తప్పు నాదైనప్పుడు దాని నష్టం విద్యార్థులు మోయకూడదు. సరిచేసిన యంత్రం మీద ఇద్దరికీ చెరి రెండు వారాలు ఇప్పించాను. నివేదికల మీద పేర్లు లేకుండా అంకెలు మాత్రమే వేయించాను.

రెండింటిలోనూ పసుపు దాదాపు మాయమైంది. ఒక నివేదికలో చుక్కలు మిగిలిన మూడు చిత్రాలను ఏరి పెట్టారు. రెండవదానిలో తీసిన నలభై చిత్రాలూ ఉన్నాయి. రెండు ప్రోటీన్లు పక్కపక్కనే ఉంటాయి గాని అంటుకోవని దాని కింద రాసి ఉంది. అలిస్టర్ దానిని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నా పదేళ్లమీద నీళ్లు పోసింది ఎవరో గాని, స్థానం వాళ్లదే. బయట ఉంటే నాకే ప్రమాదం."

అంకె విప్పితే అది లోసాది. హ్యూగో ముందుగా వచ్చి ఆమెతో చెయ్యి కలిపాడు. మరో నగరంలోని ప్రయోగశాలకు అతడి సిఫారసు ఉత్తరం నేనే రాశాను; నిజం అడగగానే చెప్పాడని అందులో పేర్కొన్నాను.

లోసా నడవాలోనే నిలబడి ఓమరు ఊళ్లో ఉన్న తల్లికి ఫోను చేసింది. మాంసం కర్మాగారపు చప్పుడులో పనిచేసే ఆ తల్లి గొంతు నా బల్ల దాకా వినిపించింది.

"ఆ రెండూ కలవవని తేలిపోయిందన్నావుగా. మరి మూడేళ్లు ఏం చూస్తావే?"

"ఎందుకు కలవవో చూస్తానమ్మా."

"దానికింత యంత్రమెందుకే? మీ పిన్నినీ బాబాయినీ అడిగితే సరిపోయేదిగా!"