కనకం ఎవరి తరఫు

“ఏమీ లేదన్నారు గదా, మళ్ళీ ఆడికెందుకు?” అన్నాడు నాగలింగం చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

అలివేలుమంగ గారెలకు పప్పు రుబ్బుతోంది. ఇంట్లో గ్రైండరు లేక కాదు. చనిపోయిన ఆడబిడ్డ కనకం పేరున ఏడాదికోసారి విస్తరి వేసే రోజున రోటి పిండితోనే గారెలు చేయాలని అత్త గోవిందమ్మ పట్టు. పట్టు ఆమెది, పొత్రం అలివేలుది. ఆరు నెలల కిందట ఎడమ రొమ్ములో గడ్డ తీసిన చోట, చేయి గట్టిగా తిప్పితే ఇప్పటికీ సలుపుతుంది. నొప్పిగా ఉందా అని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఉందని ఆమె చెప్పలేదు. చెప్తే మాత్రం పిండి దానంతటది రుబ్బుకుంటుందా ఏమన్నా!

“ఆరు నెలలకు రమ్మన్నారు మామా. రేపే.”

“వాళ్ళు అట్లనే అంటారు. వాళ్ళకూ యాపారం జరగాల గదా,” అని నవ్వి, మద్రాసు జార్జి టౌన్లో ఉన్న పసుపు మండీకి వెళ్ళిపోయాడు.

నాగలింగం చెడ్డవాడని అనలేం. గడ్డ క్యాన్సర్ కాదని తెలిసిన రోజు ఆస్పత్రి వరండాలో గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. గుళ్ళో అమ్మవారికి అభిషేకం చేయించాడు. అలివేలుకు మాంబళం నుంచి ఆకుపచ్చ పట్టుచీర తెచ్చాడు. అంతటితో ఆ సంగతి అయిపోయిందనుకున్నాడు. డాక్టరు చెప్పిన మాటలో మొదటి సగం వినేసరికే అతని కడుపు నిండిపోయింది. రెండో సగం వినే అవసరం అతనికి లేకపోయింది. ఆ రొమ్ము అతనిది కాదాయె.

రెండో సగం అలివేలు వింది. డాక్టర్ సెలీనా ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి, తమిళంలో, తొందర లేకుండా చెప్పింది. కొందరి రొమ్ములో కొవ్వు తక్కువ, దట్టమైన కండ ఎక్కువ. ఫిల్ములో ఆ కండా తెల్లగానే కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. సున్నం కొట్టిన గోడ మీద ముగ్గు వేస్తే ఏం కనబడుతుందమ్మా, అంది. అట్లా దట్టంగా ఉండటమే ఒక కారణం. తీసిన గడ్డలో కణాలు క్యాన్సర్ కాకపోయినా, ఉండాల్సిన తీరులో లేకపోవడం ఇంకో కారణం. ఇట్లాంటివాళ్ళలో చాలామందికి ఎప్పటికీ ఏమీ రాదు. కానీ మిగతా ఆడవాళ్ళకంటే వీళ్ళకు వచ్చే అవకాశం ఎక్కువ, అందుకని కన్నేసి ఉంచాలి. ఆ తర్వాత అడిగింది, “మీ పుట్టింటి తరఫున ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?” అని. అలివేలు నోరు తెరిచేలోపే నాగలింగం అందుకున్నాడు. “వాళ్ళ తరఫున ఎవరూ లేరు డాక్టర్. వాళ్ళమ్మ కామెర్లతో పోయింది.” అలివేలు కూడా అవునని తలూపింది. అబద్ధం ఆడుతున్నామని ఇద్దరికీ తోచలేదు.

ఇంటికొచ్చాక గోవిందమ్మ ఒక్కటే మాట చెప్పింది. “ఇంటి గుట్టు లంకకు చేటు. పిల్లకు సంబంధాలు చూడాల. తల్లికి ఆడ కత్తి పెట్టినారని తెలిస్తే ఈ చూలై పేటలో మన గడప తొక్కేదెవరు? లేదన్న రోగం కోసరం మళ్ళీ మళ్ళీ ఆస్పత్రికి పోవడం కొరివితో తల గోక్కోవడం కాదా?” అలివేలు సరే అనలేదు, కాదనీ అనలేదు. ఆ ఇంట్లో ఆమె మౌనాన్ని ఎప్పుడూ సరే కిందనే జమ కట్టుకునేవాళ్ళు.

గోవిందమ్మకు గుట్టు కొత్త కాదు. కనకవల్లి నాగలింగానికి అక్క. నలభై నిండకుండానే రొమ్ములో పుండు లేచింది. ఆమె మొగుడు ఒక రోజు టాక్సీలో తీసుకొచ్చి, “కొన్నాళ్ళు పుట్టింట్లో చూసుకోండి” అని దించి పోయాడు. ఆ కొన్నాళ్ళూ అయిపోయేదాకా మళ్ళీ రాలేదు. వెనక గదిలో ఆమెకు గుడ్డలు మార్చింది అలివేలు. చీము కడిగింది అలివేలు. వాసన వీధిలోకి పోకుండా పొద్దునా సాయంత్రం సాంబ్రాణి వేసింది కూడా అలివేలే. చుట్టాలకు మాత్రం టైఫాయిడ్ అని చెప్పారు. మనిషి పోయాక, “నీ చేతి చలవే తల్లీ, సుఖంగా పోయింది” అని గోవిందమ్మ అందరి ముందూ మెచ్చుకుంది. ఎంత మెచ్చుకున్నా, ఇంట్లో సాంబ్రాణి వేస్తే అలివేలు ఈనాటికీ పెరట్లోకి పోతుంది.

గారెలు నూనెలో వేస్తుండగా కూతురు మధుమిత కాలేజీ నుంచి వచ్చింది. కనకం ఫోటోకు మల్లెపూల దండ వేసి, ముందు అరిటాకు పరిచి, వంటింట్లోకి వచ్చి ఒక గారె నోట్లో పెట్టుకుంది.

“విస్తరి వేయకముందే ఎంగిలి చేస్తావా, పాడు పిల్లా!”

“చుమ్మా ఉండమ్మా, అత్త ఏమనుకోదులే. అవునూ, కనకం అత్త నాకు అత్త మట్టుకే కాదు గదా? నాన్నకు అక్క, సరి. కానీ నీకు చిత్తి, అంటే పిన్నమ్మ గదా. అప్పుడు నాకు చిన్నమ్మమ్మ కూడా ఔతుంది. అయ్యో, డబుల్ రిలేషన్ మా!” అని పకపకా నవ్వింది.

అలివేలు చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది.

ఈ ఇళ్ళల్లో అది వింతేమీ కాదు. నాగలింగం అలివేలు తల్లికి సొంత తమ్ముడు. తల్లి పోయాక పిల్ల ఈ అమ్మమ్మ గోవిందమ్మ దగ్గరే పెరిగింది, ఈ ఇంట్లోనే మేనమామకు పెళ్ళాం అయింది. తాళి కట్టిన పూటే గోవిందమ్మ పిలిచి చెప్పింది. “ఇంకమీద నన్ను అత్తా అనాల. నలుగురిలో అమ్మమ్మా అంటే ఏం బాగుంటుంది? కనకాన్ని వదినా అను.” అలివేలు అట్లాగే పిలిచింది. మొదట్లో నాలుక తడబడేది. పిలవగా పిలవగా నోటికి అలవాటైంది, నోటి వెనకనే మనసూ అలవాటు పడింది. చిన్నప్పుడు తనకు జడలేసిన పిన్నమ్మ మొగుడి అక్కయింది, ఆ తర్వాత అత్తింటివాళ్ళ రోగిష్టి మనిషయింది. పుట్టింటి తరఫున ఎవరూ లేరని మొగుడు చెప్తే తానే తలూపింది. అసలు తనకు పుట్టిల్లు ఏది? అత్తిల్లు ఏది? గుమ్మం దాటకుండానే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పంపేశారు. పిలుపులైతే మార్చారు. ఒంట్లో నెత్తురును కూడా మార్చగలిగారా? మరి ఈ పిల్ల సంగతేమిటి? ఇది అటు వాళ్ళ నాన్నకూ పుట్టింది, ఇటు తనకూ పుట్టింది, ఆ నెత్తురు దీనికి రెండు వైపులా. అలివేలుకు కోపం వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత వచ్చిన కోపం. మూకుట్లో గారెలు నల్లగా మాడిపోయాయి.

పొయ్యి ఆపేసి ముందు గదిలోకి వెళ్ళింది. గోవిందమ్మ చేటలో పూలు పోసుకుని మాల కడుతోంది.

“పిన్నమ్మకు వచ్చింది క్యాన్సరే గదా?”

“ఎవరికే?”

“కనకం పిన్నమ్మకు.”

“వదినను పట్టుకుని పిన్నమ్మంటావేందే! నీకేమన్నా మతిపోయిందా?”

“ఆమె మా అమ్మకు చెల్లెలు. ఇద్దర్నీ నువ్వే కన్నావు.”

గోవిందమ్మ వేళ్ళు దారం మీద ఆగాయి. “మాడు వాసనొస్తా ఉంది, పొయ్యి చూడు పో,” అంది.

రాత్రి భోజనాల దగ్గర, కనకం సంగతి డాక్టరుకు చెప్తానని అలివేలు నాగలింగానికి చెప్పింది. అతనికి వెంటనే అర్థమైంది, మండీలో ఎంత తలతిరుగుడు లెక్కయినా ఇట్టే పట్టే మనిషి. అందుకే గొంతు తగ్గించాడు.

“మా అక్క సంగతి ఇప్పుడు బయటబెడితే ఎట్లమే? పిల్ల పెళ్ళి ఏం గావాల?”

“పిల్ల పెళ్ళి కావాలంటే ముందు పిల్ల ఉండాల గదా మామా.”

మజ్జిగ ఎవరూ వడ్డించలేదు. చివరికి నాగలింగమే లేచి పోసుకున్నాడు.

మరునాడు అలివేలు పొయ్యి వెలిగించలేదు. ఇట్లా జరగడం ఆ ఇంట్లో ఎరగరు. ఆకుపచ్చ పట్టుచీర బీరువాలోనే ఉంచి, నూలుచీర కట్టుకుని, మధుమితను వెంటబెట్టుకుని బస్సెక్కింది. బోర్డుల మీద మద్రాసు చెరిపి చెన్నై అని రాస్తున్న రోజులవి. కొన్నింటి మీద పాత పేరు కొత్త రంగు కింద ఇంకా కనిపిస్తూనే ఉంది. కిటికీ పక్కన కూచుని మధుమితకు అంతా చెప్పింది. గడ్డ సంగతి, ఫిల్ము సంగతి, వెనక గది సంగతి, సాంబ్రాణి సంగతి. పిల్ల నవ్వలేదు. దిగేదాకా తల్లి చేయి పట్టుకునే ఉంది.

డాక్టర్ సెలీనా పరీక్ష చేసింది. ఇప్పటికి కొత్త గడ్డలేమీ తగలడం లేదంది. చేతులు కడుక్కుంటున్న ఆమెతో అలివేలు, “పోయినసారి తప్పు చెప్పాం డాక్టర్. మా ఆయన అక్క దీంతోనే పోయింది,” అంది.

“భర్త అక్క అయితే మీ విషయంలో అది లెక్కలోకి రాదమ్మా.”

“ఆమె మా అమ్మకు సొంత చెల్లెలు కూడా.”

డాక్టరు కుళాయి కట్టేసి వెనక్కి తిరిగింది. ఒకసారి అలివేలు వైపు, ఒకసారి మధుమిత వైపు చూసింది. ఈ ఊళ్ళో మేనమామ పెళ్ళిళ్ళు ఆమె చూడనివి కావు. వచ్చి కూచుని, కనకానికి ఏ వయసులో వచ్చింది, ఎట్లా మొదలైంది, అన్నీ మొదటినుంచీ అడిగింది. ఈసారి జవాబులన్నీ అలివేలే చెప్పింది, మధ్యలో ఎవరూ అందుకోలేదు. ఆరు నెలలకోసారి రావడం మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. మధుమితతో, నీకు ఇప్పుడే భయం లేదు, కానీ ఏ డాక్టరు అడిగినా ఈ మాట దాచొద్దు, పాతికేళ్ళు దాటాక ఏడాదికోసారి చూపించుకో అంది. ఆ తర్వాత, ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారని అడిగింది.

ఇల్లు చేరేసరికి నాగలింగం మండీకి పోకుండా అరుగు మీద కూచుని ఉన్నాడు. చూడగానే లేచి నిలబడ్డాడు.

“ఏమీ లేదన్నారా?”

“ఈరోజుకు ఏమీ లేదన్నారు.”

అతను పక్కకు జరిగి దారిచ్చాడు. లోపల గోవిందమ్మ కనకం ఫోటో కింద గోడకు ఆనుకుని కూచుంది. నిన్నటి పూలు వాడిపోయాయి, కొత్త మాల కట్టలేదు. అలివేలు ముఖంలోకి చూడకుండానే అడిగింది, “ఏమన్నారే?”

అలివేలు ఆమె పక్కన నేల మీద కూచుంది.

“నిన్ను కూడా తీసుకురమ్మన్నారు, అమ్మమ్మా.”