ముట్టుకోని గడి

ఆ ఆఫీసులో సింకు పక్కన ఎప్పుడూ కొన్ని కప్పులు నానుతూ ఉంటాయి. అడుగున మిగిలిన కాఫీకి బూజు పడుతుంది, ఆ బూజు మీద ఇంకెవరో చల్లారిన టీ వంపి పోతారు. తాగినవాడు కడగడు, కడుగుదామనుకున్నవాడు ముట్టుకోలేడు. ఉద్యోగంలో చేరిన రోజే ఆ కప్పులు చూసి, వీళ్ళు రాసే కోడు కూడా ఇలాగే ఉంటుందని ఆమె అనుకుంది. తర్వాత చూస్తే అలాగే ఉంది.

ఎవరు రాసిన కోడయినా వరుస వరుసనూ పట్టి పట్టి చూస్తుందని అక్కడివాళ్ళు ఆమెకు శల్యపరీక్ష అని పేరు పెట్టారు. చెవిన పడకుండా అనేవాళ్ళు కొందరు, పడేలా అనేవాళ్ళు ఇంకొందరు. టీమ్ లీడుకూ ఒక పేరుంది, సర్దుబాటు. ఏ గొడవొచ్చినా సర్దేద్దాం అంటాడు, సర్దేస్తాడు కూడా. ఎలా సర్దాడని మాత్రం అడగకూడదు. పుండుకు పౌడరు అద్ది పేరంటానికి పంపించే రకం. ఆయన నిజంగా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసే పని ఒక్కటే. ఎవరు బిస్కెట్లు తెచ్చినా ప్యాకెట్టు తిరగేసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, చీమ తలకాయంత అక్షరాలను ఆసాంతం చదువుతాడు. వేరుశనగ ఆయనకు పడదు. పొరపాటున తింటే గొంతు వాచి ఊపిరాడదట. తన గొంతు దగ్గరికి వచ్చేసరికి మనిషికి ఎంత శ్రద్ధ వస్తుందో చూడాలంటే ఆయన్నే చూడాలి.

ఆమె అన్నావదినలతో కలిసి ఉంటుంది. వదిన ఆస్పత్రిలో నర్సు. రోగిని చేర్చుకునేటప్పుడు వివరాలు నింపే వెబ్ పేజీని ఆ ఆస్పత్రికి ఇచ్చింది సర్దుబాటు బృందమే. శల్యపరీక్ష ఆ బృందంలోకి వచ్చేసరికే ఆ పేజీ పాతబడింది. అయినా వదిన తోటి నర్సుల దగ్గర "మా ఆడపడుచు వాళ్ళ పేజీ" అని గొప్పలు పోయేది. ఆడపడుచును ఊరికే పొగిడే వదిన ఎక్కడైనా ఉంటుందా అంటే, ఇదిగో ఈ ఇంట్లో ఉంది.

ఆ వదినే ఇప్పుడు వంటింట్లో స్టూలు మీద కూర్చుని, స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా చూడటం లేదు. ఆస్పత్రివాళ్ళు ఆమెను డ్యూటీలోంచి ఆపేశారు. సోమవారం విచారణ. అందులో తప్పు తేలితే ఉద్యోగం పోవడమే కాదు, ఇంకెక్కడా నర్సుగా చేర్చుకోరు.

జరిగింది ఇది. ఒళ్ళు కాలిపోతూ, మాట పడిపోయిన ఒక ముసలాయన్ను ఎవరో తెచ్చి దించి వెళ్ళారు. పేరు, వయసు జేబులో కార్డు చూసి రాసింది వదిన. పడని మందులేమైనా ఉన్నాయా అన్న గడి దగ్గర ఆగింది. ఆయన చెప్పలేడు, పక్కన చెప్పేవాళ్ళు లేరు. కూతురు వస్తుందన్నారు కదా, వచ్చాక అడుగుదామని ఆ గడి వదిలేసి సేవ్ నొక్కింది. ఆ కూతురు వచ్చేలోపే వదిన డ్యూటీ అయిపోయింది. ఆ గడి ఖాళీగా ఉందని తర్వాతి నర్సుకు చెప్పే వెళ్ళింది. ఆ నర్సు స్క్రీన్ చూస్తే అక్కడ ఖాళీ లేదు, "అలర్జీలు: లేవు" అని ఉంది. డాక్టరూ అదే చూశాడు, ఇంజెక్షన్ రాశాడు. ముసలాయన మొహం గుమ్మడికాయలా వాచి, నాలుక బయటికొచ్చి, చావు అంచు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. ఆ "లేవు" పక్కనే ఇంకో వరుస ఉంది. అడిగి నమోదు చేసినవారు, అని వదిన పేరు.

"నేను ఆ గడిని ముట్టుకోలేదు," అంది వదిన. వారం నుంచి అదే మాట. మేట్రన్‌తో అంది, డాక్టరుతో అంది, మొగుడితో అంది. మొగుడు మంచివాడే గాని, పని ఒత్తిడిలో నొక్కేసి మర్చిపోయావేమోనని ఒక్కసారి నోరు జారాడు. ఆ రోజు నుంచి వదిన అతనికి అన్నం వడ్డిస్తోంది గాని మాట్లాడటం లేదు.

"కంప్యూటరు అబద్ధం చెప్పదట. మరి నేను చెబుతానా?" అని ఆడపడుచును అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు కంప్యూటర్లోనే వెతకాలని ఆమె మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే ఆ పేజీ కోడు తెరిచింది.

వెబ్ పేజీలో మనం నింపిన వివరాలను సర్వరుకు చేరవేయడానికి ఒక గిన్నె కావాలి. జావా అనే భాషలో కోడు రాసేవాళ్ళు దాన్ని ఫారమ్ బీన్ అంటారు. ఎవరు పేజీ పంపినా వ్యవస్థ తనంతట తానే ఒక కొత్త గిన్నెను పుట్టించి, వచ్చిన వివరాలను అందులో వేస్తుంది. పుట్టించే క్షణానికి దాని చేతిలో ఏ వివరమూ ఉండదు. కాబట్టి ఏమీ ఇవ్వకపోయినా గిన్నె పుట్టేలా ఒక ఏర్పాటు ఉండాలి, దాని పేరు డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్. మనం ఏ కన్‌స్ట్రక్టరూ రాయకపోతే జావా జాలిపడి ఒకటి ఇస్తుంది. మనం వివరాలడిగే కన్‌స్ట్రక్టర్ సొంతంగా ఒకటి రాశామా, అలిగినట్టు తనది ఇవ్వడం మానేస్తుంది. అప్పుడు ఖాళీదాన్ని కూడా మనమే రాసుకోవాలి.

ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసి ఉండే చిట్టా చూస్తే, ఇక్కడ జరిగిందీ అదే. ఇప్పుడు ఉద్యోగం మానేసిపోయినవాడొకడు అప్పట్లో సొంతంగా ఒకటి రాశాడు, ఖాళీది రాయడం మరిచాడు. పేజీ పడిపోయింది, ఆస్పత్రి గోల పెట్టింది. సర్దుబాటు రంగంలోకి దిగి ఖాళీ కన్‌స్ట్రక్టర్ పెట్టాడు. అక్కడితో ఆగితే ఆయనకు ఆ పేరెందుకు వస్తుంది? అలర్జీల గడి ఖాళీగా పంపితే డేటాబేసు తీసుకోవడం లేదని ఆస్పత్రిది ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. పనిలో పనిగా ఆ కన్‌స్ట్రక్టర్‌లోనే ఆ గడికి "లేవు" అని నింపేశాడు. పైన కోడు చదివేవాళ్ళ కోసం ఒక కామెంటు కూడా రాశాడు, "ప్రస్తుతానికి" అని. పేజీ మీద "ఉన్నాయి", "లేవు" అనే రెండు గుండ్రాలూ ఖాళీగానే కనిపిస్తాయి. నర్సు ఏదీ నొక్కకపోతే బ్రౌజరు ఆ గడి గురించి ఏమీ పంపదు. ఏమీ రాలేదు కాబట్టి గిన్నెలో ముందే ఉన్న "లేవు" అలాగే ఉండిపోతుంది. నర్సు అడిగినట్టు, రోగి చెప్పినట్టు, ఆమె పేరుతో సహా లోపలికి పోతుంది.

శుభ్రమైన పళ్ళెమని ముందు పెట్టి, అడుగున ఎవడో తిన్న ఎంగిలి మెతుకులు ఉంచితే ఎలా ఉంటుంది? అలాంటి పళ్ళెంలో ఒక ఊరి జనం ప్రాణాలు వడ్డిస్తున్నారు. తప్పులు ఆమె చాలా చూసింది. చేతకాక చేసిన తప్పు మీద కోపం వస్తుంది, మర్చిపోయి చేసిన దాని మీద జాలేస్తుంది. ఇది తెలిసి, తీరిగ్గా, చేతులు దులుపుకోవడానికి చేసింది. దీని మీద రోత తప్ప ఇంకేమీ రాలేదు.

సర్దుబాటు గదికి వెళ్ళి స్క్రీన్ చూపించింది.

"ఈ 'లేవు' ఎవరు చెప్పారు సార్?"

ఆయన చూశాడు, గుర్తుపట్టాడు, నవ్వాడు కూడా. "ఒకరు చెప్పేదేముందమ్మా. చాలామందికి అలర్జీలు ఉండవు. ఖాళీగా వదిలితే పేజీ ఏడుస్తుంది, ఏదో ఒకటి పెట్టాలిగా."

ఒక మనిషి చావబోయాడని చెప్పింది. పోలేదుగా అన్నాడు. ఒక నర్సు ఉద్యోగం పోబోతోందని, ఆవిడ తన వదినని చెప్పింది. ఇంటి సంగతులు ఆఫీసుకు తేవద్దన్నాడు. ఇప్పుడే దిద్ది ఆస్పత్రికి చెబుదామంది. ఆయన లేచి తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

"దిద్దుదాం. విచారణ అయ్యాక దిద్దుదాం. ఇప్పుడు ముట్టుకుంటే తప్పు మనదేనని మనమే ఒప్పుకున్నట్టు. సోమవారం నన్ను పిలిచారు, సిస్టమ్ బాగానే ఉందని చెప్పొస్తాను. కొన్నాళ్ళు పోతే అంతా సర్దుకుంటుంది."

ఆ మాట అంటూనే బల్ల మీది బిస్కెట్ ప్యాకెట్టు అందుకుని తిరగేశాడు. ఆ వేలు ఒక్కో అక్షరం మీదుగా నెమ్మదిగా జరగడం చూసి ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఆ గదిలో ఇంకొక్క క్షణం నిలబడలేక బయటికి వచ్చేసింది.

విచారణకు నర్సు తన తరఫున ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు. అన్నయ్య బట్టలు ఇస్త్రీ చేసుకుని సిద్ధమయ్యాడు. వదిన అతని వైపు చూడకుండా, ఆడపడుచుతో "పద" అంది.

ఆస్పత్రి మీటింగ్ గదిలో ఫినాయిలు వాసన, పొడవాటి బల్ల, గోడకు స్క్రీన్. బల్లకు ఒకవైపు పెద్ద డాక్టరు, మేట్రన్, పక్కనే సర్దుబాటు. ఆమెను చూసి ఆయన మొహం మాడింది గాని, వెంటనే సర్దుకున్నాడు. సిస్టమ్ తనంతట తాను ఏదీ రాయదని, నొక్కిందే నమోదవుతుందని మృదువుగా చెప్పాడు. పాపం, పని ఒత్తిడిలో ఎవరికైనా పొరపాటు జరుగుతుందని వదిన తరఫున కాస్త జాలి కూడా పడ్డాడు. ఆ జాలికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

మేట్రన్ గట్టి మనిషి. ఆమె దగ్గర నర్సులు గట్టిగా తుమ్మరు. చెప్పుకోవలసింది ఏమైనా ఉందా అని వదినను అడిగింది.

"నేను ఆ గడిని ముట్టుకోలేదు మేడమ్," అంది వదిన. గొంతులో జీవం లేదు.

మేట్రన్ నిట్టూర్చింది. అప్పుడు శల్యపరీక్ష లేచి, తాను ఈ నర్సు ఆడపడుచునని, ఈ సార్ దగ్గరే పనిచేస్తానని, చెప్పడం కన్నా చూపించడం నయమని అంది. మేట్రన్‌నే తన సొంత పేరుతో లాగిన్ అయ్యి ఒక కొత్త రోగిని చేర్చమంది. తర్వాత తీసేయొచ్చు. సర్దుబాటు ఇవన్నీ ఇప్పుడు అవసరమా అన్నాడు. అవసరమేనన్నాడు పెద్ద డాక్టరు.

ఎవరి వివరాలు పెట్టాలని మేట్రన్ అడిగింది. మా సార్‌వి పెట్టండి అంది ఆమె. పేరు, వయసు చాలు, అలర్జీల గడి మాత్రం ముట్టుకోవద్దంది. ఆయన కాదనలేక, నవ్వు మొహంతో చెప్పాడు. మేట్రన్ రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, సేవ్ నొక్కింది. గోడ మీద రోగి వివరాలు వచ్చాయి.

"పైకి చదవండి మేడమ్," అంది ఆమె.

మేట్రన్ పేరు చదివింది, వయసు చదివింది. "అలర్జీలు, లేవు," అని చదివింది.

"అదేంటి, నాకు వేరుశనగ పడదుగా," అన్నాడు సర్దుబాటు.

అనేశాక ఆయనకు అర్థమైంది. తన గొంతు సంగతి కాబట్టి ఆలోచించేలోపే నోట్లోంచి వచ్చేసింది. గదిలో ఎవరూ ఆయన వైపు చూడలేదు. అందరూ స్క్రీన్ మీద ఇంకా చదవని వరుసను చూస్తున్నారు. అడిగి నమోదు చేసినవారు, అని మేట్రన్ పేరు.

మేట్రన్ చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను ఆ గడిని ముట్టుకోలేదే," అంది.

ఆ మాట నోటి నుంచి వచ్చాక ఆమె నెమ్మదిగా వదిన వైపు తిరిగింది. వదిన తల ఎత్తలేదు. కన్నీళ్ళు చీర కుచ్చిళ్ళ మీద పడుతున్నాయి, తుడుచుకోలేదు.

పెద్ద డాక్టరు అడిగిన ప్రశ్నలకు శల్యపరీక్ష ఉన్నదున్నట్టు చెప్పింది. గిన్నె సంగతి, ఖాళీగా పుట్టాల్సిన దాంట్లో ముందే వేసిన మాట సంగతి, అది ఎవరు వేశారన్న సంగతి. కోడు ఒక్క నిమిషంలో దిద్దవచ్చు. కానీ ఇప్పటికే లోపలికి పోయిన "లేవు"లలో ఏది రోగి చెప్పింది, ఏది కన్‌స్ట్రక్టర్ చెప్పింది, విడదీసే దారి లేదు. రెండూ ఒకేలా ఉంటాయి. పాలల్లో నీళ్ళు కలిశాక ఏవి నీళ్ళో ఎవరు చెప్పగలరు?

సర్దుబాటుకు అప్పటికే తెలివొచ్చింది. అన్ని "లేవు"లనూ "తెలియదు" అని ఒకేసారి మార్చేద్దామని, ఒక్క లైను పనని, ఇంత చిన్నదానికి బయట ఎవరికీ చెప్పక్కర్లేదని మొదలుపెట్టాడు. ఆయన గొంతు మళ్ళీ మృదువుగా అయిపోయింది. ఇందాక తన ప్రాణానికి ఉలిక్కిపడ్డ మనిషి ఇంత తొందరగా మామూలైపోవడం చూసి, ఈయన్ను గెలవడం కూడా అసహ్యంగానే ఉందని ఆమెకు అనిపించింది. సింకు పక్కన కప్పు ముట్టుకున్న వేళ్ళలా ఉన్నాయి తన వేళ్ళు.

"ఇవాళ ఈ ఆస్పత్రిలో ఎంతమంది పడుకుని ఉన్నారు?" అని పెద్ద డాక్టరు మేట్రన్‌ను అడిగాడు.

మేట్రన్ లేచి ఒక తెల్లకాగితాల కట్టను తెచ్చి బల్ల మీద పెట్టింది. వదిన ముందు నిలబడి, తన జేబులోంచి పెన్ను తీసి ఆమె చేతికిచ్చింది.

వదిన మొహం కడుక్కుని వార్డులోకి వెళ్ళింది. ఆడపడుచు గుమ్మం దగ్గర ఆగింది. మొదటి మంచం మీద కాలికి కట్టుతో ఒకావిడ, చెవులు సరిగా వినపడనట్టుంది. వదిన వంగి అడిగింది.

"అమ్మా, మీకు పడని మందులేమైనా ఉన్నాయా?"

ఆవిడ ఏమిటన్నట్టు చూసింది. వదిన ఇంకొంచెం వంగి మళ్ళీ అడిగింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఏదో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టింది, దానికి చాలాసేపు పట్టింది. జవాబు వచ్చేదాకా వదిన పెన్నును కాగితానికి ఆనించలేదు.