పొట్ట తీసి పంపిన చేపలు

మా తమ్ముడికి చేపల చెరువుంది. నా కూతురికి ఏడో నెల. చేపలు తింటే బిడ్డకు బలమని రెండు నెలలుగా వాడే రోజూ రెండు చేపలు పంపుతున్నాడు. అదీ పొలుసు గీకి, పొట్ట తీసి, కడిగి మరీ. "నీ తమ్ముడు బంగారం" అని వీధిలో వాళ్లంటుంటే ఉబ్బితబ్బిబ్బయిపోయేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఇవాళ తమ్ముడు ఐసు కోసం వెళ్లాడట. కాపలా ముసలాయన చేపల్ని కొయ్యకుండానే తెచ్చిచ్చి పోయాడు. ఒకదాని పొట్ట గట్టిగా ఉబ్బి ఉంది. గుడ్లేమోనని సంబరపడి కత్తి తీసుకున్నాను. గుడ్లూ లేవు, పాడూ లేదు. గుప్పెడు థర్మోకోల్ పూసలు, తెల్లగా. రెండోదాని పొట్టలోనూ అవే. వాటిని అలాగే గిన్నెలో వేసుకుని చెరువు దగ్గరికి పరిగెత్తాను.

గట్టంతా విరిగిన థర్మోకోల్ పెట్టెలే. చేపలు సర్దే పెట్టెలు విరిగితే చెత్తబండి వాళ్లు ముట్టుకోరు. అందుకని వీడు ఏళ్ల తరబడి గట్టు మీదే పారేశాడు. అవి ఎండకి పెళుసెక్కి, పొడిపొడై, నీళ్ల మీద తెట్టు కట్టాయి. తేలే మేతకు అలవాటు పడ్డ చేపలు నోళ్లు తెరిచి వాటినే మింగుతున్నాయి. మేత వేసేవాళ్లు ఎవరూ లేరు, అయినా నీళ్లు మరుగుతున్నట్టు కదులుతున్నాయి.

అప్పుడే తమ్ముడు ఐసు దింపుకుంటున్నాడు. గిన్నె వాడి ముఖం ముందు పెట్టాను.

"ఏరా, ఇది నీకు ముందే తెలుసా?"

"అరవకక్కా. పొట్ట తీసేస్తే ఏం కాదు. అందుకేగా కోసి, కడిగి పంపేది."

"ఏం కాదని నీకెవడు చెప్పాడ్రా?"

వాడు తల గోక్కున్నాడు. "ఈ సంగతి బయటికి పొక్కితే నా చేపలు ఎవరు కొంటారక్కా?"

"నీ చేపలు తగలెయ్య! నా కూతురి కడుపులో బిడ్డుందిరా!"

ఐసు కరిగి వాడి కాళ్ల మీదుగా కారుతోంది. నాకెందుకో భయమేసింది. గొంతు తగ్గించి అడిగాను.

"నువ్వు తింటున్నావా? నీ పెళ్లాం, పిల్లలు తింటున్నారా?"

తమ్ముడు నా వైపు చూడలేదు.

"మేం మానేసి రెండు నెలలైందక్కా."